ఫొటో సాఫ్ట్‌వేర్ మ్యాప్‌కి జీపీఎస్ ట్రాక్ ఇంపోర్ట్ జోడించడం: ఫైల్ చదవడం నుంచి లొకేషన్ రాసేదాకా

మీ ఫొటో సాఫ్ట్‌వేర్‌లో మ్యాప్ ఇప్పటికే పని చేస్తోంది అనుకుందాం. ఫోన్‌తో తీసిన ఫొటోలన్నీ దాని మీద పిన్నులై కనిపిస్తాయి. కెమెరాతో తీసినవి మాత్రం ఎక్కడా ఉండవు, ఎందుకంటే చాలా కెమెరాల్లో జీపీఎస్ ఉండదు. అయితే అదే సమయంలో జేబులో ఫోనో, చేతికి వాచీయో ఉండి దారంతా రికార్డు చేసి ఉంటే ఆ ట్రాక్ పక్కన ఫొటో తీసిన టైమ్ పెట్టి చూసి లొకేషన్ తేల్చవచ్చు. డిజికామ్, డార్క్‌టేబుల్, లైట్‌రూమ్ క్లాసిక్, ఎగ్జిఫ్‌టూల్ ఈ పని చాలాకాలంగా చేస్తున్నాయి. దీన్ని మీ సొంత సాఫ్ట్‌వేర్‌లోకి ఎలా తేవాలో, ఎక్కడెక్కడ దెబ్బ తినే అవకాశం ఉందో చూద్దాం.

ఒక మాట ముందే చెప్పాలి. ట్రాక్ ఫైల్ చదవడం ఒక పూట పని. అసలు కుస్తీ అంతా టైమ్‌తోనే. ఈ గైడ్‌లో ఎక్కువ చోటు గడియారాలకే పోవడానికి కారణం అదే.

దశ 1: మొదట ఒక్క ఫార్మాట్‌తో మొదలుపెట్టండి

జీపీఎక్స్ (జీపీఎస్ ట్రాక్‌లు దాచే ఫైల్ ఫార్మాట్) చాలు. 1.0 వెర్షన్ 2002లో, 1.1 వెర్షన్ 2004లో వచ్చాయి. అప్పటి నుంచి దాదాపు ప్రతి ట్రాకింగ్ యాప్, ప్రతి వాచీ సర్వీసు దీన్ని ఎగుమతి చేస్తాయి. మిగతావి తర్వాత చేర్చుకోవచ్చు, ఒక్కోదానికి ఒక్కో తిరకాసు ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి. కేఎంఎల్, జియోజేసన్ అనే మ్యాప్ ఫార్మాట్లలో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత వస్తాయి. పైగా కేఎంఎల్‌లో మామూలు గీతకు టైమ్ ఉండదు. గార్మిన్ వాడే ఫిట్ ఫార్మాట్ బైనరీ. అందులో కోణాలు డిగ్రీల్లో కాకుండా 180 డిగ్రీలను 2 ఘాతం 31 భాగాలు చేసిన యూనిట్లలో ఉంటాయి, టైమ్ 1989 డిసెంబర్ 31 నుంచి లెక్కించిన సెకన్లలో ఉంటుంది. జీపీఎస్ రిసీవర్లు నేరుగా రాసే ఎన్ఎంఈఏ లాగ్‌లో డిగ్రీలు, నిమిషాలు కలిసిపోయి ఒకే అంకెలా కనిపిస్తాయి. ఇవన్నీ మొదటి రిలీజ్‌లో పెట్టుకుంటే ఆ రిలీజ్ ఎప్పటికీ రాదు. ఇతర ఫార్మాట్లు ఉన్నవాళ్లు జీపీఎస్‌బేబెల్‌తో జీపీఎక్స్‌గా మార్చుకుని తెచ్చుకోవచ్చని హెల్ప్ పేజీలో ఒక లైన్ రాస్తే ప్రస్తుతానికి సరిపోతుంది.

దశ 2: జీపీఎక్స్ చదవడం

ఇది ఎక్స్‌ఎంఎల్ ఫైల్. లోపల మూడు రకాల సరుకు ఉండొచ్చు. వేపాయింట్ అంటే యూజర్ గుర్తు పెట్టుకున్న చోటు, రూట్ అంటే వెళ్లాలనుకున్న దారి, ట్రాక్ అంటే నిజంగా వెళ్లిన దారి. మనకు కావాల్సింది మూడోదే. ట్రాక్‌లో సెగ్మెంట్లు, సెగ్మెంట్‌లో పాయింట్లు. ఒక్కో పాయింట్‌కి అక్షాంశం, రేఖాంశం యాట్రిబ్యూట్లుగా, ఎత్తు, టైమ్ లోపలి ట్యాగులుగా ఉంటాయి.

సెగ్మెంట్ హద్దుల్ని చెరిపేసి పాయింట్లన్నీ ఒకే జాబితాలో పోయకండి. సిగ్నల్ పోయినప్పుడు, యూజర్ రికార్డింగ్ ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు కొత్త సెగ్మెంట్ మొదలవుతుంది. "ఈ మధ్యలో ఏం జరిగిందో తెలియదు" అని ఫైలే మనకు చెబుతోందన్నమాట. మ్యాచింగ్ దశలో ఈ సమాచారం బంగారం.

చదివేటప్పుడు తగిలే చిల్లర సమస్యలు చాలానే ఉన్నాయి. 1.0కి, 1.1కి నేమ్‌స్పేస్ (ట్యాగులు ఏ ఫార్మాట్‌వో చెప్పే గుర్తింపు పేరు) వేరు. ఒకదాన్నే గట్టిగా పట్టుకుని రాస్తే రెండోది తెరిచినప్పుడు ఎర్రరేమీ రాకుండా సున్నా పాయింట్లు కనిపిస్తాయి. టైమ్ చివర యూటీసీని (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయాన్ని) సూచించే జెడ్ అక్షరం ఉండొచ్చు, సెకన్ల తర్వాత దశాంశాలు ఉండొచ్చు, కొన్ని యాప్‌లు జెడ్ బదులు ప్లస్సో మైనస్సో పెట్టి ఆఫ్‌సెట్ (యూటీసీతో ఎంత తేడానో) రాస్తాయి. మూడింటినీ తీసుకోవాలి. అక్షాంశాన్ని అంకెగా మార్చే ఫంక్షన్ యూజర్ సిస్టమ్ లొకేల్‌ని (భాష, ప్రాంతం సెట్టింగ్‌ని) బట్టి నడిచేదైతే, దశాంశానికి చుక్క బదులు కామా వాడే భాషలో 48.137 కాస్తా 48 అయిపోతుంది. అంటే పదిహేను కిలోమీటర్ల తేడా. డెవలపర్ మెషీన్‌లో ఇది ఎప్పటికీ బయటపడదు, కాబట్టి లొకేల్‌తో సంబంధం లేని పార్సింగ్ ఫంక్షనే వాడండి.

ట్రాక్ ఫైళ్లు బయటి నుంచి వస్తాయి గనక ఎక్స్‌ఎంఎల్ పార్సర్‌లో ఎక్స్‌టర్నల్ ఎంటిటీలను (ఫైల్ బయటి సమాచారాన్ని లాక్కొచ్చే రెఫరెన్సులను) ఆపేయండి, ఎంటిటీ విస్తరణకు హద్దు పెట్టండి. మొత్తం ఫైల్‌ని ఒకేసారి మెమరీలో చెట్టులా నిలబెట్టే పద్ధతి కంటే పాయింట్ తర్వాత పాయింట్ చదువుకుంటూ పోయే స్ట్రీమింగ్ పద్ధతి మేలు. సెకనుకో పాయింట్ చొప్పున ఒక రోజంతా రికార్డు చేస్తే 86,400 పాయింట్లు. నెలరోజుల ప్రయాణం ఒకే ఫైల్‌లో ఉంటే ఆ తేడా మెమరీలో బాగానే తెలుస్తుంది.

టైమ్ అసలు లేని జీపీఎక్స్ కూడా వస్తుంది, దారి ప్లాన్ చేసే సైట్ల నుంచి దించుకున్నవి ఎక్కువగా ఇలాంటివే. "ఇంపోర్ట్ విఫలమైంది" అని వదిలేయకుండా, ఈ ట్రాక్‌లో టైమ్ లేదు, మ్యాప్ మీద గీత మాత్రం చూపగలం అని చెప్పండి.

దశ 3: రెండు గడియారాలను కలపడం

జీపీఎక్స్‌లో టైమ్ యూటీసీలో ఉంటుంది. ఫొటో ఎగ్జిఫ్‌లోని (ఫొటో ఫైల్ లోపల కెమెరా రాసే వివరాల్లోని) "తీసిన సమయం" కెమెరా గడియారం చూపించిన స్థానిక సమయం. అది ఏ టైమ్ జోనో అందులో రాసి ఉండదు. 2016లో వచ్చిన ఎగ్జిఫ్ 2.31లో ఆఫ్‌సెట్ కోసం వేరే ట్యాగులు చేర్చారు. కొత్త కెమెరాల్లో అవి ఉంటే వాడుకోవచ్చు, పాత ఫొటోల్లో ఉండవు. ఫైల్ మార్పు తేదీని మాత్రం ఎప్పుడూ నమ్మకండి. కాపీ చేస్తే చాలు, అది మారిపోవచ్చు.

ఇక్కడ రెండు వేర్వేరు తేడాలు ఉన్నాయి. ఒకటి టైమ్ జోన్: గంటల్లో, అరగంటల్లో, నేపాల్ లాంటి చోట్ల ముప్పావుగంటల్లో కూడా ఉంటుంది. రెండోది కెమెరా గడియారం ముందుకో వెనక్కో నడవడం: సెకన్లు, నిమిషాలు. ఈ రెండింటినీ కలిపి ఒకే ఆఫ్‌సెట్ పెట్టె ఇచ్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. నా అభిప్రాయంలో అది యూజర్‌ని బాధపెట్టే పని. "5 గంటల 27 నిమిషాల 8 సెకన్లు తీసివేయండి" అని ఎవరూ మనసులో లెక్కేసుకోరు. జోన్‌కి ఒక డ్రాప్‌డౌన్, గడియారం తేడాకి వేరే పెట్టె ఉండాలి.

గడియారం తేడా ఎంత ముఖ్యమో అంకెల్లో చూడండి. గంటకు 5 కిలోమీటర్ల నడకలో ఒక్క నిమిషం తప్పు అంటే దాదాపు 83 మీటర్లు, పక్క వీధి. గంటకు 60 కిలోమీటర్ల బస్సులో అదే నిమిషం కిలోమీటర్. ఆరుబయట ఫోన్ జీపీఎస్ ఇచ్చే పొరపాటు సాధారణంగా కొన్ని మీటర్లే. అంటే లొకేషన్ తప్పుగా పడితే శాటిలైట్‌ని కాదు, ముందు గడియారాన్ని అనుమానించాలి.

తేడా కనుక్కోవడానికి తేలికైన దారి: సెకన్లు కనిపించేలా ఫోన్‌లో గడియారం తెరిచి, దాన్ని కెమెరాతో ఫొటో తీయమని యూజర్‌కి చెప్పండి. తర్వాత మీ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫొటో ఎంచుకుని, అందులో కనిపించే టైమ్ టైప్ చేస్తే చాలు, మిగతా లెక్క మీ కోడ్ చేసుకుంటుంది. ఫోన్ నెట్‌వర్క్ నుంచి టైమ్ తీసుకుంటుంది గనక ఇది బాగా పని చేస్తుంది. గడియారాలు రోజులు గడిచేకొద్దీ జరుగుతాయి కాబట్టి పొడవైన ప్రయాణంలో మొదట ఒకటి, చివర ఒకటి తీయడం మంచిది. ఆ రెండు కొలతల మధ్య తేడాని రోజులకు సమంగా పంచే సౌకర్యం తర్వాతి వెర్షన్‌లో పెట్టుకోవచ్చు.

ప్లస్, మైనస్ గుర్తులతో ఆఫ్‌సెట్ చూపించకండి. కెమెరాకి కలపాలా, ట్రాక్‌కి కలపాలా అన్న గందరగోళంలో సగంమంది తలకిందులుగా ఇస్తారు, అప్పుడు తప్పు రెట్టింపవుతుంది. "కెమెరా 2 నిమిషాల 52 సెకన్లు ముందుంది" అని వాక్యంగా చూపండి.

జోన్ తెలియనప్పుడు ఒక చిట్కా ఉంది. ఇప్పుడు వాడుకలో ఉన్న టైమ్ జోన్లన్నీ 15 నిమిషాల గుణిజాలే. యూటీసీకి 12 గంటలు వెనక నుంచి 14 గంటలు ముందు దాకా పావుగంట చొప్పున జరిపితే 105 అవకాశాలు. ఒక్కోదానికీ ఎన్ని ఫొటోలు ట్రాక్ లోపల పడుతున్నాయో లెక్కపెట్టి, ఎక్కువ పడిన దాన్ని సూచనగా చూపించండి. ట్రాక్ పొడవుగా, ఫొటోలు కొద్దిసేపే ఉంటే చాలా జోన్లు సమానంగా సరిపోతాయి. అలాంటప్పుడు ఫొటో పడిన క్షణంలో వేగం ఎంతో కూడా చూడండి: జనం ఎక్కువగా ఆగి ఫొటో తీస్తారు, కాబట్టి వేగం తక్కువగా వచ్చే జోన్‌కి మార్కులు ఎక్కువ ఇవ్వొచ్చు. ఎంత చేసినా ఇది ఊహే. సూచించండి, మీరే ఖాయం చేసేయకండి. ట్రాక్ ఉన్న చోటు చూసి జోన్ తీసుకోవడం ఇంకా ప్రమాదం. విమానం దిగాక కెమెరా గడియారం మార్చడం గుర్తుండేది ఎంతమందికి? డేలైట్ సేవింగ్ మారిన రోజున కూడా చాలా కెమెరాలు తమంతట తాము మారవు.

పాత జీపీఎస్ లాగర్లతో ఒక విచిత్రం ఎదురవుతుంది. జీపీఎస్ సిగ్నల్‌లో వారం సంఖ్యకి మొదటి నుంచీ ఉన్న చోటు 10 బిట్లే, అందుకే 1,024 వారాలకోసారి సున్నాకి తిరుగుతుంది. అలా 1999 ఆగస్టులో, 2019 ఏప్రిల్‌లో తిరిగింది. ఫర్మ్‌వేర్ దాన్ని పట్టించుకోని పరికరం రాసిన ట్రాక్‌లో తేదీ దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి ఉంటుంది. ట్రాక్ తేదీలు ఫొటోల కన్నా సరిగ్గా 7,168 రోజులు వెనకున్నాయని కనిపిస్తే, సరిచేయమంటారా అని అడిగే చిన్న డైలాగ్ పెట్టండి.

దశ 4: మ్యాచింగ్

పాయింట్లను సెగ్మెంట్ల వారీగా టైమ్ క్రమంలో పెట్టి, ఫొటో టైమ్‌కి ముందు, వెనక ఉన్న రెండు పాయింట్లను బైనరీ సెర్చ్‌తో పట్టుకోండి. ఒక ఉదాహరణ చేతితో చేసి చూద్దాం, అంకెలు సులువుగా ఉంచుతాను.

ఎగ్జిఫ్‌లో ఫొటో టైమ్ 10:15:12. కెమెరా యూటీసీ కన్నా 5 గంటల 30 నిమిషాలు ముందున్న జోన్‌లో ఉంది, దాని గడియారం 2 నిమిషాల 52 సెకన్లు ముందు నడుస్తోంది. గడియారం తేడా తీసేస్తే 10:12:20, జోన్ తీసేస్తే యూటీసీలో 04:42:20. ట్రాక్‌లో దానికి ముందు పాయింట్ 04:42:10కి, అక్షాంశం 10.00000, రేఖాంశం 20.00000. తర్వాతి పాయింట్ 04:42:50కి, 10.00040, 20.00020. రెండింటి మధ్య 40 సెకన్లలో మన ఫొటో పదో సెకనులో ఉంది, అంటే నాలుగో వంతు దూరం. కాబట్టి ఫొటో లొకేషన్ 10.00010, 20.00005. సరిచూసుకోవడానికి వేగం: ఆ రెండు పాయింట్ల మధ్య దూరం సుమారు 50 మీటర్లు, 40 సెకన్లలో అంటే సెకనుకు 1.25 మీటర్లు. మామూలు నడకే, కాబట్టి నమ్మొచ్చు.

ఇంత దగ్గరి పాయింట్ల మధ్య సరళరేఖ లెక్క చాలు, గోళం మీది లెక్కలు అక్కర్లేదు. రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. రెండు పాయింట్లకీ ఒకే టైమ్ ఉంటే సున్నాతో భాగించే పరిస్థితి వస్తుంది. రేఖాంశం 179.9 నుంచి మైనస్ 179.9కి మారేచోట సగటు తీస్తే ఫొటో భూగోళం అవతలి వైపు, సున్నా రేఖాంశం మీద తేలుతుంది. ఫిజీ వెళ్లిన యూజర్ దీని మీద బగ్ రిపోర్ట్ రాసేదాకా ఆగకండి.

ఇప్పుడు అసలు నిర్ణయం: పాయింట్ల మధ్య ఖాళీ ఎక్కువైతే ఏం చేయాలి? ఎగ్జిఫ్‌టూల్ రెండు పాయింట్ల మధ్య ఇంటర్‌పొలేషన్‌కి (పైన చేసినట్టు మధ్య లొకేషన్ లెక్కించడానికి) డిఫాల్ట్‌గా 1,800 సెకన్ల దాకా ఒప్పుకుంటుంది, ట్రాక్ కొసల దాటి కూడా అంతే. అది కమాండ్ లైన్ టూల్, వాడేవాళ్లకు ఏం చేస్తున్నారో తెలుసు. మామూలు యూజర్లు వాడే సాఫ్ట్‌వేర్‌కి నేనైతే అంత ఉదారంగా ఇవ్వను. ఖాళీ ఎన్ని సెకన్లు అన్నది ఒక్కటే కాకుండా రెండు కొసల మధ్య దూరం కూడా చూడాలి. గంటసేపు మ్యూజియంలో ఉండి సిగ్నల్ పోయినా, లోపలికి వెళ్లిన చోటూ బయటికి వచ్చిన చోటూ 40 మీటర్ల దూరంలోనే ఉంటే ఆ గంటలో తీసిన ఫొటోలన్నీ అక్కడివే అనుకోవడం న్యాయమే. అదే పది నిమిషాల ఖాళీలో 9 కిలోమీటర్లు దాటి ఉంటే, అది సొరంగమో రైలో, మధ్యలో సరళరేఖ గీస్తే ఫొటో కొండ మీద పడొచ్చు. అలాంటి వాటికి లొకేషన్ ఇవ్వకుండా "అనుమానం" అనే గుంపులో పెట్టి యూజర్‌నే తేల్చమనండి. తప్పు లొకేషన్ కన్నా ఖాళీ నయం, ఎందుకంటే ఖాళీగా ఉన్నది కళ్లకు కనిపిస్తుంది, తప్పుగా ఉన్నది కనిపించదు.

ఒకే రోజుకి ఫోన్ ట్రాక్, వాచీ ట్రాక్ రెండూ ఇచ్చే యూజర్లు ఉంటారు. వాటి పాయింట్లను టైమ్ క్రమంలో కలిపేస్తే దారి జిగ్‌జాగ్ అవుతుంది, ఎందుకంటే రెండు పరికరాల పొరపాట్లు వేర్వేరు వైపులకు ఉంటాయి. ఒక్కో ట్రాక్‌తో విడివిడిగా మ్యాచ్ చేసి, ఏ ట్రాక్‌లో ముందు, వెనక పాయింట్ల మధ్య వ్యవధి తక్కువో దాని జవాబు తీసుకోండి.

దశ 5: మ్యాప్ మీద ప్రివ్యూ

ఏదీ రాయకముందే అంతా మ్యాప్ మీద చూపించాలి. ట్రాక్ గీత, దాని మీద తాత్కాలిక పిన్నులు, పక్కన ఫొటోల జాబితా. గడియారం తేడాని స్లైడర్‌తో జరిపితే పిన్నులు గీత వెంట కదలాలి. ఈ ఒక్కటి సరిగ్గా చేస్తే యూజర్లకు సగం టెన్షన్ పోతుంది: వంతెన మీద తీసిన ఫొటో మ్యాప్‌లో వంతెన మీదకు వచ్చేదాకా జరుపుతారు, అయిపోతుంది.

గీతలో లక్ష పాయింట్లు గీయాల్సిన పని లేదు. డగ్లస్–పాయికర్ పద్ధతితో జూమ్‌కి తగ్గట్టు పలచన చేయండి. పలచన చేసింది చూపించడానికే, మ్యాచింగ్‌కి ఎప్పుడూ అసలు పాయింట్లే వాడాలి. సెగ్మెంట్ల మధ్య గీత కలపకండి, లేదా చుక్కల గీతతో కలపండి. మ్యాప్ టైల్స్ (మ్యాప్‌ని చూపే చిన్న చిత్రాల ముక్కలు) ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సర్వర్ల నుంచి తీసుకుంటుంటే వాళ్ల క్రెడిట్ చూపించాలి, మీ యాప్ పేరు తెలిసేలా యూజర్ ఏజెంట్ పంపాలి, ట్రాక్ పొడవునా టైల్స్‌ని ముందే గంపగుత్తగా దించుకునే ఫీచర్ పెట్టకూడదు.

దశ 6: లొకేషన్ రాయడం

ముందే లొకేషన్ ఉన్న ఫొటోల జోలికి డిఫాల్ట్‌గా వెళ్లకండి. ఫోన్ స్వయంగా రాసుకున్నది చాలావరకు ట్రాక్ లెక్క కన్నా నమ్మకమైనది.

మొదట మీ డేటాబేస్‌లో రాయండి, ఫైల్‌లోకి రాయడం యూజర్ అడిగితేనే. రా ఫైళ్లను (కెమెరా సెన్సర్ నుంచి నేరుగా వచ్చిన ఫొటో ఫైళ్లను) అసలు ముట్టుకోకుండా పక్కన ఎక్స్‌ఎంపీ ఫైల్ (ఫొటో వివరాలు రాసుకునే విడి ఫైల్) పెట్టడం మేలు. జేపెగ్‌లో రాసేటప్పుడు ఎగ్జిఫ్ అక్షాంశాన్ని డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు అనే మూడు భిన్నాలుగా అడుగుతుంది. సెకన్లను పూర్ణాంకం చేస్తే ఒక్కో మెట్టు దాదాపు 31 మీటర్లు, వందో వంతు దాకా రాస్తే 30 సెంటీమీటర్లు. రౌండ్ చేసినప్పుడు 59.999 కాస్తా 60 అయితే దాన్ని నిమిషంలోకి ఎక్కించాలి. భిన్నాల్లో మైనస్ ఉండదు గనక దిక్కు అక్షరం తప్పనిసరి. అది మరిచిపోతే దక్షిణార్ధగోళం ఫొటోలన్నీ ఉత్తరానికి వచ్చేస్తాయి. ఎక్స్‌ఎంపీలో రాత తీరు వేరు: డిగ్రీలు, కామా, దశాంశాలతో నిమిషాలు, చివర దిక్కు అక్షరం.

ఎత్తు విషయంలో తొందర వద్దు. కొన్ని పరికరాలు సముద్రమట్టం నుంచి ఎత్తు ఇస్తాయి, కొన్ని ఎలిప్సాయిడ్ అనే గణిత ఉపరితలం నుంచి ఇస్తాయి. రెండింటికీ మధ్య తేడా భూమి మీద చోటుని బట్టి మారుతుంది, హిందూ మహాసముద్రంలో భారతదేశానికి దక్షిణంగా అది వంద మీటర్లు దాటుతుంది. సముద్ర తీరంలో తీసిన ఫొటోకి మైనస్ 90 మీటర్లు వచ్చిందంటే కారణం ఇదే. ఎత్తు రాయడాన్ని చెక్‌బాక్స్‌గా ఉంచండి.

ప్రతి ఫొటోతో పాటు లొకేషన్ ఏ ట్రాక్ నుంచి వచ్చింది, ఏ జోన్, ఎంత గడియారం తేడా వాడారు అన్నవి కూడా దాచుకోండి. రెండు వారాల తర్వాత యూజర్ తప్పు గమనిస్తే, తేడా మార్చి ఆ బ్యాచ్ మొత్తాన్ని ఒకే క్లిక్‌తో మళ్లీ లెక్కించొచ్చు. అండూ కూడా బ్యాచ్ మొత్తానికి పని చేయాలి.

వీడియోల సంగతి ఒక్క మాటలో: ఎంపీ4 ఫైల్‌లోని టైమ్ నిబంధన ప్రకారం యూటీసీ, కానీ చాలా కెమెరాలు స్థానిక సమయమే రాస్తాయి. ఫొటోలకు పెట్టిన జోన్‌ని వీడియోలకు గుడ్డిగా వాడకండి, వాటికి వేరే సెట్టింగ్ ఇవ్వండి.

దశ 7: టెస్టులు, చివరగా ప్రైవసీ

టెస్టులకు నిజమైన ట్రాకుల కంటే చేతితో రాసిన పది పాయింట్ల చిన్న ఫైళ్లు ఎక్కువ ఉపయోగం, జవాబు ఎంత రావాలో ముందే తెలుస్తుంది గనక. పైన చేసిన ఉదాహరణే మొదటి టెస్ట్. యూటీసీలో అర్ధరాత్రి దాటే ట్రాక్, 180 రేఖాంశం దాటేది, ఒకే టైమ్ ఉన్న రెండు పాయింట్లు, టైమ్ లేని ఫైల్, 1.0 వెర్షన్ ఫైల్, దక్షిణ అక్షాంశం, కామా దశాంశం వాడే లొకేల్: ఇవన్నీ ఉండాలి. మీరు రాసిన జేపెగ్‌ని మీ కోడ్‌తోనే చదివి సరిపోయిందనుకోకండి. రాసేటప్పుడూ చదివేటప్పుడూ ఒకే తప్పు చేస్తే రెండూ కలిసి సరిగ్గానే కనిపిస్తాయి. ఎగ్జిఫ్‌టూల్‌తో చదివించి పోల్చండి.

ట్రాక్ అంటే ఒక మనిషి ఇంటి గుమ్మం నుంచి బయలుదేరి మళ్లీ గుమ్మం దాకా నడిచిన రికార్డు. ఇంపోర్ట్ చేసిన ట్రాక్ ఫైల్‌ని లైబ్రరీలో దాస్తున్నారా లేదా అన్నది ఇంపోర్ట్ డైలాగ్‌లోనే చెప్పండి. యూజర్ ఎంచుకున్న చోట్ల చుట్టూ కొన్ని వందల మీటర్ల లోపల లొకేషన్ రాయకుండా వదిలేసే సెట్టింగ్ ఇవ్వండి. ఆ వలయం సరిగ్గా ఇంటి మీదే కేంద్రం పెట్టుకుంటే, ఖాళీ వలయం మధ్యబిందువు చూసి ఇంటిని పట్టేయొచ్చు. అందుకే కేంద్రాన్ని కొంచెం పక్కకు జరిపి, ఆ జరిపిన చోటునే ప్రతిసారీ వాడండి. ప్రతిసారీ కొత్తగా జరిపితే చాలా వలయాల సగటు మళ్లీ ఇంటి దగ్గరికే తేలుతుంది.